కిటికీలో మావయ్య సీసా

ఆ రోజుల్లో నాకు ఎదురుపడిన ప్రతి మనిషీ ఒక సీసాకి సరిపడా మూత్రంగానే కనిపించేవాడు. చదివేవారు ముక్కు మూసుకోనక్కర్లేదు, ఇది శుభ్రమైన కథే. ఇరవై దాటిన వయసు, చేతిలో ల్యాబు టెక్నీషియను డిప్లొమా, కొత్తగా కుట్టించుకున్న తెల్లకోటు, బుర్రనిండా ఎవరికీ అక్కర్లేని జ్ఞానం. ఇవన్నీ ఉన్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆ ఇంటికి మనశ్శాంతి ఉండదని మా అమ్మ వాపోయేది. తప్పంతా కాలేజీలో మాకు పాఠం చెప్పిన మేడంది. ఆవిడ మిగతా పాఠాలన్నీ గడియారం చూసుకుంటూ చెప్పి, పుట్టుకతో వచ్చే కొన్ని అరుదైన జబ్బుల పాఠం మాత్రం కళ్ళు మెరుస్తూ చెప్పింది. మనం తిన్న పప్పూ చేపా గుడ్డూ ఒంట్లో మెట్టు మెట్టుగా విరుగుతూ పోవాలట. కొందరికి పుట్టుకతోనే ఒక మెట్టు దగ్గర పని జరగదు. సిగ్నలు పడని స్టేషన్లో గూడ్సు బళ్ళు నిలిచిపోయినట్టు సరుకంతా అక్కడే పేరుకుపోయి, ఆఖరికి మూత్రంలో బయటికి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు, ఫెర్రిక్ క్లోరైడు ఒక్క చుక్క వేస్తే ఒక జబ్బుకి ఆకుపచ్చ, ఇంకోదానికి నీలం. ఒక జబ్బులోనైతే మూత్రం మాడిన పంచదార పాకం వాసన వేస్తుందట. 'మనిషి దాచినా సీసా దాచదు' అనేదావిడ. నేను ఆ మాటని తాయెత్తులా కట్టుకుని బిలాస్‌పూర్ తిరిగొచ్చాను.

వచ్చి చేరిందేమో స్టేషను రోడ్డులో ఒక ఇరుకు ల్యాబులో. దాని యజమానిని ఊరంతా టోపీ డాక్టరనేవారు (ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ తీసేవాడు కాదు, తీస్తే జలుబు చేస్తుందని భయం). అక్కడికొచ్చేవి మలేరియాలూ, నెల తప్పిన శుభవార్తలూ, షుగరు పరీక్షలూ. నా అరుదైన జబ్బు ఎక్కడా కనబడలేదు. అది నా దగ్గరికి రాకపోతే నేనే దాని దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకుని, డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి ఫెర్రిక్ క్లోరైడు తెప్పించుకుని, సంచీలో ఖాళీ సీసాలు వేసుకుని మా రైల్వే కాలనీ మీద పడ్డాను. కాలనీలో సగం మంది మా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడినవాళ్ళే, అందరూ నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే. అయినా పదిరోజులు తిరక్కుండానే నాకు సీసాలమ్మి అని పేరు పెట్టి, నేను వీధి మలుపు తిరగ్గానే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. గూడ్సు ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి ఒకాయన తలుపు సందులోంచి, 'మా ఇంట్లో ఈమధ్య ఎవరికీ రావట్లేదమ్మా' అని చెప్పి గడియ పెట్టేశాడు.

బయటివాళ్ళు తలుపులు వేశాక మిగిలింది అయినవాళ్ళే కదా. మా క్వార్టరుకి రెండు వీధుల అవతల పెద్ద మావయ్య క్వార్టరు. మావయ్యా, అత్తా, అమ్మమ్మా ఉండేవారు. ముందుగా అమ్మమ్మని పట్టుకున్నాను. సీసాలో చుక్క వేసేసరికి చిక్కటి ఊదారంగు! నా జబ్బు దొరికేసిందనుకున్నాను. డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఒక్కసారి చూసి, టోపీ సర్దుకుని, 'మీ నానీ నొప్పి మాత్రలు మింగుతోందా?' అని అడిగి మళ్ళీ పేపర్లో పడిపోయాడు. (ఆస్పిరిన్ జాతి మాత్రలకి కూడా ఆ రంగు వస్తుంది. మేడం చెప్పే ఉంటుంది, ఆ పూట నేను ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయి ఉంటాను.) ఇంటికొచ్చి సోదా చేస్తే అమ్మమ్మ రొంటిన మాత్రల పొట్లం దొరికింది. రోజూ ఆవిడ మోకాళ్ళకి నూనె రాసే అత్త కొంపలంటుకున్నట్టు అరిచింది. 'నా సేతులు పడిపోయేలాగ నాను మర్దనా సేస్తంటే, సాటుగా మాత్రలు మింగుతున్నారేటి అత్తా!' అమ్మమ్మ అత్తని ఒదిలేసి నా వైపు తిరిగి, 'ఓలమ్మ, ఆకరికి నా ఉచ్చ కూడా నా మాట ఇనకపోతే ఈ ఇంట్లో నాకెవులున్నారే?' అంది. ఇక ఒక్క బొట్టు కూడా ఇచ్చేది లేదని ఒట్టేసుకుంది.

ఇప్పుడు మావయ్య సంగతి చెప్పాలి. మావయ్య కుర్రతనంలోనే తాతయ్య వెంట బొగ్గింజన్ల షెడ్డులో ఖలాసీగా చేరి, ఆ ఇంజన్లు పోయాక డీజిలు షెడ్డులో ఫిట్టరయ్యాడు. ఆయన బనియన్లు చంకల దగ్గర గోధుమరంగులోంచి నలుపులోకి తిరిగి ఉండేవి, ఎంత సోడా వేసి ఉతికినా పోయేవి కావు, పైపెచ్చు ఇంకా ముదిరేవి. చెవి డొప్పలు నీలి బూడిదరంగులో ఉండేవి. 'షెడ్డు బొగ్గు, ఒంట్లోకి దిగిపోనాది' అని ఇంట్లోవాళ్ళూ, కాలనీవాళ్ళూ ఎప్పుడో తేల్చేశారు. ప్రతి దీపావళికీ అత్త ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి చెవులు సున్నిపిండితో తోమేది. బొగ్గింజన్లు పోయినప్పుడు ఇకనైనా బనియన్లు తెల్లబడతాయని ఆశపడింది. తెల్లబడలేదు. 'పాత నిలవ కదేటి, ఇంకా దిగుతున్నాది' అని సరిపెట్టుకుంది. మా కాలనీలో ఈ మాటకి ఎవరూ నవ్వేవారు కాదు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ బొగ్గు మనిషి ఒకడుండేవాడు.

దీనికి తోడు మావయ్యకి షుగరు. ఏదో ఆరోగ్య మేళాలో ఆయన మూత్రాన్ని నీలం మందులో కాస్తే, చక్కెర ఉంటే తిరిగినట్టు నారింజరంగుకి తిరిగిందట. రక్తం తీసి చూద్దామన్నారు. ఇంజను కడుపులోకి భుజం దాకా చెయ్యి దూర్చే మావయ్య సూదిని చూసి అక్కడినుంచి పారిపోయాడు. ఆ తరవాత ఎప్పుడు పరీక్ష చేయించినా సీసాయే తప్ప సూది లేదు, చేయించినప్పుడల్లా నారింజరంగే. అత్త తీపి బందు పెట్టేసింది. ఇందులో అన్యాయం ఏమిటంటే, కాలనీలో పాకం పట్టడం తెలిసిన చెయ్యి మావయ్యదే. వినాయక చవితి లడ్డూలకి ఆయన రెండు వేళ్ళ మధ్య పాకం తీగ సాగదీసి చూసి 'ఆఁ, దించండి' అంటేగాని బాణలి దిగేది కాదు. ఆ వేళ్ళు నోటిదాకా వెళ్ళకుండా అత్త పక్కనే చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది. ఆయన చెయ్యి కడుక్కుంటూ లడ్డూల వైపు చూసే చూపు చూడలేక మా అమ్మ లోపలికి వెళ్ళిపోయేది.

ఆ నెలాఖరుకి మావయ్య రిటైరు కావాలి. మా ఊళ్ళో రిటైర్మెంటు అంటే పెళ్ళికి తీసిపోదు. మెళ్ళో బంతిపూల దండలు వేసి, బ్యాండుమేళంతో జీపులో ఊరేగించి క్వార్టరు దాకా తీసుకొస్తారు. గుమ్మంలో భార్య హారతిచ్చి నోట్లో లడ్డూ పెడుతుంది. 'ఆ రోజు నాను లడ్డూ తింతాను, సచ్చినా తింతాను' అని మావయ్య ప్రకటించాడు. 'మీరు తింటే నాను గుమ్మంలోకే రాను, ఆ లడ్డూ ఎవులు పెడతారో సూస్తాను' అని అత్త ప్రకటించింది. ఇద్దరూ పంతం పట్టారంటే ఇద్దరూ గట్టివాళ్ళే. మావయ్య ఒక శనివారం మధ్యాహ్నం తనంతట తనే సీసా పట్టుకుని మా ల్యాబుకి వచ్చాడు. 'అమ్మీ, నీ సీసాలు నిజం సెప్తాయంట కదా. ఒక్కసారి దీని సేత షుగరు నేదని సెప్పించీవే' అన్నాడు. ఆ గొంతులో తమాషా ఏమీ లేదు.

నేను ఆ సాయంత్రం పక్క స్టేషను గతౌరాలో స్నేహితురాలి పెళ్ళికి బండెక్కాలి. సీసాని కిటికీలో పెట్టి, రేపు వచ్చి చూద్దాంలే అని పరిగెత్తాను. మర్నాడు వచ్చి చూస్తే అందులో నల్లగా కాఫీ డికాషన్‌లా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే మావయ్యకి కొంటె వేషాలు ఎక్కువ, కాలనీలో ఎవరి సైకిలు సీటుకి గ్రీజు అంటినా ముందు ఆయన వైపే చూసేవారు. షెడ్డు నుంచి ఇంజనాయిలు తెచ్చి కలిపేశాడనుకున్నాను. సీసా పట్టుకుని కాలనీ మధ్యలోంచి నడిచి, వాళ్ళ వరండాలో నిలబడి, 'ఏటి మావయ్యా, నా ఉద్యోగం నీకు వేళాకోళంగా ఉందా? ఇందులో ఆయిలు పోసి తెస్తావా?' అని అరిచాను. మావయ్య మొహం పాలిపోయింది. 'పైడితల్లమ్మ మీద ఒట్టేనే. నాను ఇచ్చినప్పుడు అది మంచినీళ్ళలాగ ఉన్నాది' అన్నాడు. నేను నమ్మలేదు. అత్త కూడా నమ్మలేదు (ముప్పై యేళ్ళు కాపురం చేసిన మనిషి కదా). సరే, ఇప్పుడే మా ఎదురుగా కొత్త సీసా ఇయ్యమని ఆయన్ని లోపలికి తోలాం.

వచ్చింది. నిజంగానే మామూలు రంగులో ఉంది. దాన్ని వరండాలో స్టూలు మీద పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా అత్త కళ్ళజోడు పెట్టుకుని కాపలా కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం, వేరే పనేం లేదు. టీలు వచ్చాయి, మరమరాలు వచ్చాయి. ఆ ఇంటి చరిత్రలో ఒక మూత్రం సీసా చుట్టూ అంతమంది కూర్చుని టీ తాగడం అదే మొదలు, దేవుడి దయవల్ల అదే ఆఖరు. ఎండ వరండా సగానికి వచ్చేసరికి సీసాలో పైన గాలి తగిలే చోట సన్నటి గోధుమరంగు గీత కనబడింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. గీత చిక్కబడి మెల్లగా కిందికి దిగడం మొదలెట్టింది. మరమరాలు నమిలే చప్పుడు ఆగిపోయింది. అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. 'ఏటే అమ్మీ, నాను లోపల కాలిపోతున్నానేటే?' అన్నాడు మావయ్య. సూదికి తప్ప దేనికీ భయపడని ఆయన భయపడటం మొదటిసారి చూశాను. నాకు మాత్రం భయం వెయ్యలేదు. మేడం పాఠంలో ఒక మూల ఉన్న వాక్యం గుర్తొచ్చింది. గాలి తగిలితే నల్లబడేది ఒక జబ్బుంది!

సోమవారం డాక్టరుగారూ నేనూ తలుపు దగ్గరికేసుకుని కూర్చున్నాం. నీలం మందులో కాస్తే ఎప్పటిలాగే నారింజ రంగు మడ్డి దిగింది, కానీ పైన తేరిన నీరు నల్లగా ఉంది. ఒక్క చక్కెరకే రంగు మారే కాగితం పట్టీ ముంచితే ఏ రంగూ రాలేదు. ఫెర్రిక్ క్లోరైడు చుక్క వెయ్యగానే నీలం-ఆకుపచ్చ ఒక్క రెప్పపాటు మెరిసి మాయమైపోయింది. డాక్టరుగారు టోపీ తీసేశాడు. ఆయనకి జుట్టుందని ఆరోజే తెలిసింది. 'బేటీ, పుస్తకంలో చదివాను, కంటితో ఇవాళే చూశాను' అన్నాడు హిందీలో. షుగరు కాదనీ, చక్కెరలాగే ఆ నీలం మందుని మోసం చేసే ఇంకో పదార్థం అనీ, కానీ రక్తం చూడకుండా మాట తూలకూడదనీ చెప్పాడు. అంటే సూది! లడ్డూ మీద ఆశ లేకపోతే మావయ్య ఆ గుమ్మం తొక్కేవాడు కాదు. అత్త చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కూర్చున్న కుర్చీలోనే స్పృహ తప్పాడు. రక్తం మాత్రం అంతకుముందే వచ్చేసింది. అందులో షుగరు జబ్బు జాడే లేదు.

ఎగిరి గంతేస్తుందనుకున్న అత్త మొహం ఇంకా ముడుచుకుంది. 'షుగరు కాకపోతే మరి ఆ నలుపేటి? దానికంటె పెద్ద రోగమేమో! అది తేల్చేవరకూ లడ్డూ నేదు' అంది. నెలాఖరు దగ్గర పడుతోంది. నా మాట చిన్నపిల్ల మాటయిపోయింది. చివరికి డాక్టరుగారు స్వయంగా వాళ్ళ క్వార్టరుకి వచ్చాడు. 'ఈ నలుపు ఎప్పటినుంచి?' అని అడిగాడు. 'షెడ్డులో చేరినప్పటినుంచి' అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆయన తల అడ్డంగా ఊపాడు. తను అనుకుంటున్న జబ్బయితే పుట్టినప్పటినుంచే ఉండాలట, చంటిపిల్లాడి గుడ్డలు కూడా నల్లబడాలట. నేను ఆ మాట తెలుగులో చెప్పేలోపే లోపలి గది తలుపు చప్పుడైంది. (ఈ ఊళ్ళో అంతకాలం కాపురం ఉన్న అమ్మమ్మకి హిందీ రాదని మేమంతా ఎందుకు అనుకునేవాళ్ళమో తెలీదు.)

అమ్మమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. 'వీడి గోసీలు నల్లబడీవి' అంది. 'సబ్బెట్టి ఉతికితే ఇంకా నల్లబడీవి. మా అత్త అడిగితే కాటుక అంటుకున్నాదని సెప్పినాను. కాటుక కాదు, బొగ్గు.' ఏం బొగ్గని అత్త అడిగింది. అమ్మమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. 'వీడు కడుపులో ఉన్నప్పుడు నాను బొగ్గు తిన్నాను. మీ మావ షెడ్డు నుంచి సిగడీ పొయ్యిలోకి తెచ్చీవోడు. బకెట్లో అది నిగనిగలాడతా ఉంటే నోరూరిపోయీది. ఎవులూ సూడకుండా కరకర నమిలీసీదాన్ని. ఆ బొగ్గే వీడి ఒంట్లోకి దిగిపోనాది. పెద్దయి వీడు షెడ్డులో చేరినాక నాకు బతుకు దొరికినాది. అందరూ షెడ్డు బొగ్గు అన్నారు, నాను ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ బనియన్లు తాడు మీద ఆరుతుంటే నాను పెరట్లోకి సూసీదాన్ని కాదే.' అని చెప్పి ఆవిడ చిన్నపిల్లలా ఏడ్చింది. మావయ్య పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలీక తల్లి వీపు నిమురుతున్నాడు. అన్ని రోజులుగా నేను సీసాల్లో వెతికింది జబ్బుని, దాని వెనక ఒక మనిషి ఉంటుందని నా బుర్రకి తట్టనే లేదు.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి మట్టీ బొగ్గూ తినాలనిపించడం లోకంలో ఉన్నదేననీ, దానివల్ల బిడ్డ నల్లబడడనీ చెప్పాను. ఇది వంశంలో వచ్చేది. తల్లి దగ్గర్నుంచి సగం, తండ్రి దగ్గర్నుంచి సగం, రెండూ కలిసిన బిడ్డకే బయటపడుతుంది. మేనరికాల్లో రెండు సగాలూ ఒకచోట చేరే అవకాశం ఎక్కువ, అమ్మమ్మా తాతయ్యా మేనత్త మేనమామ బిడ్డలే కదా అన్నాను. అమ్మమ్మ ఏడుపు ఆపింది. 'రెండూ కలిస్తేనే వస్తాదా?' అంది. అవునన్నాను. 'నాదొక్కటే అయితే రాదా?' రాదన్నాను. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, గోడమీద దండ వేసి ఉన్న తాతయ్య ఫోటో ముందుకెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. 'ఇన్నావా? బొగ్గు కాదంట. సగం నీదేనంట!' అంది. తరవాత అత్త వైపు తిరిగి, 'సూస్తావేటే, డాక్టరుబాబుకి టీ పెట్టు, పంచదార బాగా వెయ్యి' అని హుకుం జారీ చేసింది.

మావయ్య సంబరం ఆ టీ చల్లారేదాకానే నిలిచింది. ప్రాణానికి భయం లేదనీ, తీపి తినొచ్చనీ, కానీ ఆయన్ని పీడిస్తున్న కీళ్ళ నొప్పులు కూడా ఈ నలుపు వల్లేననీ, చేపా మాంసం పప్పూ తగ్గించుకుంటే మంచిదనీ డాక్టరుగారు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. అత్త అది మెదడులో రాసేసుకుంది. 'ఓసి నీ సీసాలు పాడుగాను! లడ్డూ ఇచ్చి సేప లాక్కున్నావేటే!' అని మావయ్య నన్ను వాకిలి దాకా తరిమాడు. నెలాఖరున జీపొచ్చింది, బ్యాండొచ్చింది, బంతిపూలలో కూరుకుపోయి మావయ్య వచ్చాడు. అత్త హారతిచ్చి లడ్డూ నోట్లో పెట్టింది. బ్యాండువాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అన్నేళ్ళ ఉపవాసం తరవాత ఏమంటాడోనని అందరం ఎదురుచూస్తుంటే, మింగి, మూతి తుడుచుకుని, 'పాకం కొంచెం ముదిరినాది' అన్నాడు.

ఇప్పుడు మావయ్య ఊరి చివర ఉస్లాపూర్లో సొంతింట్లో ఉన్నాడు. ఆమధ్య మోకాలు మార్పించుకుంటే, లోపలంతా నల్లగా ఉందని ఆపరేషను చేసిన కుర్ర డాక్టరు కంగారుపడ్డాడు. 'కంగారు పడకు బాబూ, మా అమ్మ తిన్న బొగ్గు' అన్నాడట మావయ్య. అమ్మమ్మ తాతయ్య ఫోటో పక్కకి చేరి చాలా ఏళ్ళయింది. నేను పనిచేసే పెద్ద ల్యాబులో ఇప్పుడు చుక్కలూ రంగులూ లేవు. సీసా యంత్రంలో పెడితే ఏ పదార్థం ఎంతుందో కాగితం మీద గీతలుగా వచ్చేస్తుంది, నా చేతికింది పిల్లలకి ఫెర్రిక్ క్లోరైడు పేరు చెబితే మర్యాదకి తలూపుతారు. ఇన్నేళ్ళలో మళ్ళీ అలాంటి సీసా నా కంటపడలేదు. నా జీవితం మొత్తానికి ఒక్కటే దొరికింది, అదీ మా ఇంట్లోనే. వంశంలో ఉన్నదే కదా, నాకూ ఉందేమోనని ఆ నెలలోనే నా సీసా ఒకటి రహస్యంగా కిటికీలో పెట్టుకున్నాను. మర్నాటికి పసుపుపచ్చగా, అతి మామూలుగా ఉంది. చెప్పడానికి సిగ్గేగానీ, కాస్త నిరాశపడ్డాను. ఈమధ్య మెట్లెక్కుతుంటే మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. మొన్న ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మళ్ళీ ఒక సీసా కిటికీలో పెట్టి, టీ కలుపుకుని, దాని ఎదురుగా కూర్చున్నాను. సాయంత్రానికి టీ చల్లారింది, సీసా పసుపుపచ్చగానే ఉంది. 'ఏటే అమ్మీ, బొగ్గు తిన్నదాన్ని నాను, నీకెందుకొస్తాదే?' అని అమ్మమ్మ గొంతు వినబడినట్టయి, ఒక్కదాన్నే నవ్వుకుంటూ లేచి సీసా కడిగేశాను.